నిన్న మీరెక్కడికి వెళ్ళారు?

ఈ ప్రశ్న ఇల్లాలు అడిగితే ఒక అర్థం. తండ్రి కొడుకును అడిగితే మరొక అర్థం. చేతిలో కాగితాలు పట్టుకుని, ముక్కూ మొహం తెలియని మనిషి గుమ్మంలో నిలబడి అడిగాడనుకోండి, "నీకెందుకయ్యా మా గొడవ?" అనబుద్ధి వేస్తుంది. కాని లోకంలో అనేక నగరాలలో ఈ ప్రశ్న అడగడమే ఉద్యోగంగా పెట్టుకున్నవారు వున్నారు. నిన్న ఎక్కడికి వెళ్ళారు, ఎన్ని గంటలకు బయలుదేరారు, దేనిమీద వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు, వెంట ఎవరున్నారు - ఇవీ వారు అడిగేవి. దీనినే ట్రావెల్ సర్వే అంటారు. మనం రాకపోకల లెక్క అందాం. ఈ వారం మన కబుర్లు ఆ లెక్క గురించి.

ఇదేదో ఇంజనీర్ల వ్యవహారం, మనకేమిటి అనుకోకండి. మీ వీధి చివర బస్సు ఆగుతుందా ఆగదా, ఆగితే ఎంతసేపటికొకటి వస్తుంది, బడి ముందు రోడ్డు దాటడానికి పిల్లలకు వీలున్నదా, పెద్దవారు గుడికి వెళ్ళే దారిలో నడవడానికి నాలుగడుగుల జాగా వున్నదా - ఇవన్నీ ఎవరో ఒకరు ఏదో ఒక లెక్కను ముందు పెట్టుకుని తేల్చే సంగతులే. ఆ లెక్కలో పడని మనిషికి రోడ్డుమీద చోటు దొరకడం కష్టం.

అయితే ఇంటికి వచ్చి ఎందుకడగాలి? నాలుగు రోడ్ల కూడలిలో ఒక మనిషిని నిలబెట్టి, ఎన్ని బళ్ళు పోయినవో లెక్కపెట్టిస్తే చాలదా? చాలదు. బండిని లెక్కపెట్టినవాడికి, అందులోని మనిషి ఎక్కణ్ణుంచి బయలుదేరాడో, ఏ పనిమీద పోతున్నాడో తెలియదు. సందులోంచి సందులోకి నడచిపోయే బడిపిల్ల కూడలివానికి కనబడనే కనబడదు. అందుకని ఇంటింటికీ వెళ్ళి మనుషులను అడిగే పద్ధతి అమెరికాలో 1944 ప్రాంతంలో స్థిరపడింది. అప్పట్లో వారికి ముఖ్యంగా కావలసింది కార్లకు రోడ్లు వేయడం. కాబట్టి తొలినాళ్ళ సర్వేలు చాలావాటిలో కాలినడక ఊసే లేదు. కాళ్ళతో పోయేవాడు ప్రయాణికుడే కాదన్నమాట!

తరువాత తరువాత ఈ పద్ధతి దేశదేశాలకూ పాకింది. బ్రిటన్‌లో జాతీయ సర్వే 1965లో మొదలైంది. 1988 నుంచి ఏటా ఎడతెగకుండా జరుగుతూ, ఇటీవలి సంవత్సరాలలో ఇంగ్లండుకు పరిమితమైంది. జపానువారు 1967లో హిరోషిమా నగరంలో పెద్ద ఎత్తున సర్వే చేశారు. దానికి వారు పెట్టుకున్న పేరులోనే బండి కాదు, మనిషి వున్నాడు. 'పర్సన్ ట్రిప్' అన్నారు. తూర్పు జర్మనీలో 1972లో డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంవారు ఇంకొక మంచి ఆలోచన చేశారు. ఒక్క నగరాన్ని కాక, అనేక నగరాలను ఒకే ఏడాది, ఒకే రకం ప్రశ్నలతో అడగాలన్నారు. అది మొదలు ఇంచుమించు ఐదేళ్ళకొకసారి అడుగుతూనే వున్నారు. 2018 నాటికి అందులో చేరిన పట్నాలూ, ఊళ్ళూ వందకు పైబడినవి.

ఒకే రకం ప్రశ్నలు అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది గాని, అసలు కీలకం అక్కడే వుంది. విజయవాడలో అడిగినవారు కాలినడకను కూడా రాసుకున్నారనీ, విశాఖపట్నంలో అడిగినవారు బళ్ళమీద వెళ్ళినవే రాసుకున్నారనీ అనుకోండి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసినవాడు, "విజయవాడవారికి నడకంటే ఎంత ఇష్టమో!" అని ఆశ్చర్యపోతాడు. తూనికరాళ్ళు వేరైతే బేరం కుదరదు. పైగా, ఏళ్ళ తరబడి ఒకే తక్కెడతో తూస్తేనే మార్పు తెలుస్తుంది. డ్రెస్డెన్‌వారు 1987లో ఒకసారి అడిగారు. 1989లో బెర్లిన్ గోడ కూలింది, 1990లో జర్మనీ రెండు భాగాలూ ఒకటయినవి. 1991లో మళ్ళీ అడిగారు. ఆ నాలుగేళ్ళలో నడిచేవారూ, ట్రాములెక్కేవారూ తగ్గి, కారు తాళాలు ఊపుకుంటూ తిరిగేవారు ఎంత పెరిగారో ఆ కాగితాలు చెప్పినవి. ప్రభుత్వం మారితే పత్రికలు రాస్తాయి. పక్కింటాయన నడక మానేస్తే ఎవరు రాస్తారు? ఇలాంటి లెక్కలే రాయాలి.

మన దేశంలోనూ ఇలాంటి పోలిక జరిగింది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖకోసం చేసిన అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. గాంగ్‌టక్, సిమ్లా వంటి చిన్న పట్నాలు మొదలుకుని మన హైదరాబాదు, మద్రాసు, ఢిల్లీ, ముంబయి దాకా 30 నగరాలను అందులో చూశారు. ఊరు పెరిగినకొద్దీ మనిషి రోజూ పోయి రావలసిన దూరం పెరుగుతుంది. కొండలమీది చిన్న పట్నాలలో సగానికి పైగా రాకపోకలు కాలినడకనే. ఇవి మనం ఊహించగలిగినవే. ఊహించనిది ఏమంటే, మహానగరాలలో కూడా నడిచేవారు ఏ మూలకో పోలేదు. అన్ని నగరాలలోనూ వారు పెద్ద గుంపే. రోడ్డు వేసేటప్పుడు మాత్రం ఆ గుంపు ఎవరికీ గుర్తు రాదు.

ఇంతకూ ఈ లెక్క ఎలా కడతారు? ఊళ్ళోని ఇళ్ళన్నిటికీ వెళ్ళరు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి గిన్నె అంతా పిసకనక్కరలేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. కాకపోతే ఆ మెతుకు ఒకే చోటునుంచి తీయకూడదు. పైనుంచీ, మధ్యనుంచీ, అడుగునుంచీ తీయాలి. అందుకని చీట్లు తీసినట్లుగా, ఏ పేటనూ వదలకుండా కొన్ని ఇళ్ళు ఎంచుకుంటారు. ఇంట్లో ఎంతమంది, ఎవరి వయసెంత, సైకిళ్ళెన్ని, స్కూటర్లెన్ని అని ముందు అడుగుతారు. తరువాత ఒక్కొక్కరి రోజూ పొద్దున నిద్ర లేచింది మొదలు రాత్రి గడియ వేసుకునేదాకా విప్పి చెప్పమంటారు. మామూలు రోజు కావాలి గనుక పండుగలూ, సెలవులూ వదిలేస్తారు. జర్మనీవారు మంగళ, బుధ, గురువారాల రోజులనే ముఖ్యంగా అడుగుతారు. సోమవారానికి ఆదివారం బడలికా, శుక్రవారానికి శనివారం హుషారూ అంటుకుని వుంటాయి గదా!

ఇంగ్లండువారు డైరీ ఇచ్చి ఏడు రోజుల రాకపోకలు రాయమంటారు. అందులో ఒక తమాషా వుంది. మైలులోపు నడకలను మాత్రం ఏడు రోజులలో ఒక్కరోజే రాయమంటారు. అన్నీ రాయమంటే జనం విసిగి డైరీ మూసేస్తారని భయం. చిన్న నడకలు అంత ఎక్కువన్నమాట. ఎక్కువ కాబట్టే రాయడం కష్టం. రాయడం కష్టం కాబట్టే లెక్కకు అందకుండా జారిపోతాయి.

ఇక్కడే మనింటి సంగతి వస్తుంది.

ఒక మామూలు కుటుంబం అనుకుందాం. విజయవాడ అనండి, వరంగల్లు అనండి. ఆయన ఉద్యోగి. ఆవిడ గృహిణి. కాలేజీలో చదివే అమ్మాయి, మూడో క్లాసు చదివే అబ్బాయి, ఆయన తల్లి. సర్వేవారు సాయంత్రం వచ్చారు. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఆయన మాట్లాడతారు. "నేను స్కూటరుమీద ఆఫీసుకు వెళ్ళి వచ్చాను. అమ్మాయి బస్సులో కాలేజీకి, అబ్బాయి బడికి వెళ్ళి వచ్చారు. ఆడవాళ్ళిద్దరూ ఇంట్లోనే." తలా రెండు చొప్పున ముగ్గురికి ఆరు ప్రయాణాలు. వచ్చినాయన ఆరు అని రాసుకుని దండం పెట్టి వెళ్ళిపోతాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళి అదే రోజు సంగతి ఆవిడనడగండి. ఒక చోటునుంచి మరొక చోటికి ఒక పనిమీద పోవడం ఒక ప్రయాణం. అది సర్వేవారి నియమం. ఆవిడ అబ్బాయిని బడిలో దింపింది, ఒకటి. అక్కణ్ణుంచి అటే రైతుబజారుకు పోయింది, రెండు. కూరల సంచులతో ఇంటికి వచ్చింది, మూడు. అత్తగారి రక్తపుపోటు మాత్రలు అయిపోయినవని మందుల షాపుకు వెళ్ళింది, నాలుగు. దారిలోనే గదా అని బ్యాంకుకు, ఐదు. ఇంటికి, ఆరు. సాయంత్రం మళ్ళీ బడికి, ఏడు. అబ్బాయిని ట్యూషన్ దగ్గర కూచోబెట్టడానికి, ఎనిమిది. కాసేపు అక్కడే వుండి, వాణ్ణి వెంటబెట్టుకుని ఇంటికి, తొమ్మిది. అత్తగారు గుడికి వెళ్ళి వచ్చారు, రెండు. అబ్బాయి బడినుంచి నేరుగా రాలేదు, ట్యూషన్ మీదుగా వచ్చాడు గనుక వాడి ఖాతాలో ఇంకొకటి. అన్నీ కూడితే పద్ధెనిమిది. ఆయన చెప్పింది ఆరు. పన్నెండు ప్రయాణాలు కాఫీ కప్పు కింద మాయమైపోయినవి!

ఆయన కావాలని దాచలేదు. ఆయనకు తెలియదు. ఒకరి తరపున ఇంకొకరు చెబితే చిన్న చిన్న ప్రయాణాలు రాలిపోతాయని ఈ విద్యలో ఆరితేరినవారందరికీ తెలుసు. రాలిపోయేవి ఏ ప్రయాణాలో చూడండి. దగ్గరవి, నడిచి పోయేవి, మధ్యాహ్నంపూట పోయేవి, సంచీతోనో పిల్లవాడితోనో పోయేవి. అంటే ఇంటికోసం చేసేవి.

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1999లో అధికారులు తొమ్మిదో వార్డు ప్రజలకు ఒక ప్రశ్నావళి ఇచ్చి, మీ రాకపోకలు రాయమన్నారు. మగవారిలో చాలామంది ఐదు నిమిషాలలోపే రాసి ఇచ్చేశారు. పొద్దున పనికి, సాయంత్రం ఇంటికి, అంతే. ఆడవారు మాత్రం రాస్తూనే వున్నారట. పిల్లను డాక్టరు దగ్గరికి, అక్కణ్ణుంచి బడికి, బజారుకు, ముసలి తల్లిని చూడడానికి - కాగితం నిండినా ప్రయాణం పూర్తి కాలేదు. అది చూసి ఆ నగరంవారు మేల్కొన్నారు. కాలిబాటలు వెడల్పు చేశారు, దీపాలు ఎక్కువ పెట్టారు, పిల్లల బండి తోసుకుపోవడానికి మెట్లపక్కన వాలుదారి కట్టారు. ఖరీదైన వంతెనలేమీ కాదు. ఆడవారు రాసిన కాగితాలను ఎవరో కూచుని చదివారు, అంతే.

స్పెయిన్ దేశంలో ఇనెస్ సాంచెస్ ద మదరియాగా అనే వాస్తుశిల్పి, ఆచార్యురాలు మరొక మెలిక బయటపెట్టింది. సర్వే కాగితాలలో ఉద్యోగానికి పోవడం ఒకే గడిలో వుంటుంది. ఇంటికోసం తిరిగేది మాత్రం బజారు ఒక గడి, పిల్లల్ని దింపడం ఒక గడి, సొంత పనులు ఒక గడి, తక్కినవి ఒక గడి అని చీలిపోతుంది. రూపాయిని చిల్లర చేసి నాలుగు జేబుల్లో పోసుకున్నట్లు! ఏ జేబు తడిమినా తక్కువే కనిపిస్తుంది. అన్నీ ఒక్కచోట పోసి లెక్కపెట్టండి, అప్పుడు ఇంటి పనులకోసం తిరిగే తిరుగుడు ఉద్యోగపు తిరుగుడుకు ఏమంత తీసిపోదని తెలుస్తుంది, అన్నది ఆవిడ వాదం. ఆ ప్రయాణాలకు ఆవిడ ఒక పేరు పెట్టింది. మన మాటల్లో చెప్పాలంటే ఆలనాపాలనల ప్రయాణాలు.

మన జనాభా లెక్కలలో కూడా ప్రయాణం సంగతి అడిగారు. 2011లో అడిగి సేకరించిన వివరాలు 2015లో బయటికి వచ్చినవి. సొంత సేద్యం, వ్యవసాయ కూలి, ఇంటి పరిశ్రమ కాక వేరే పనులు చేసుకునేవారు దేశంలో 20 కోట్లమంది. వారిని, పనికి ఎంత దూరం పోతారు, దేనిమీద పోతారు అని అడిగారు. అందులో సుమారు 6 కోట్లమందికి ప్రయాణమే అక్కరలేదు. తక్కినవారిలో అందరికన్న పెద్ద గుంపు ఏదనుకున్నారు? నడిచిపోయేవారు. సుమారు 4 కోట్ల 50 లక్షలమంది. సైకిలుమీద పోయేవారు 2 కోట్ల 60 లక్షలు. స్కూటర్లు, మోటారు సైకిళ్ళవారు 2 కోట్ల 50 లక్షల పైచిలుకు. బస్సులో పోయేవారు 2 కోట్ల 28 లక్షలు. కార్లలో, జీపులలో పోయేవారు 54 లక్షలు మాత్రమే. రోడ్డుమీద కారుకెంత చోటు ఇస్తున్నామో, నడిచేవానికెంత ఇస్తున్నామో మీరే బేరీజు వేసుకోండి.

కాని ఆ ప్రశ్న పనికి పోయేవారికే వేశారని మరచిపోకండి. ఇందాకటి మన కుటుంబంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది ఆయనొక్కరే. ఆవిడ తొమ్మిది ప్రయాణాలకూ, పెద్దావిడ గుడికీ, పిల్లల చదువులకూ ఆ పట్టికలో గడి లేదు. జనాభా లెక్కలవారిని తప్పుపట్టి లాభం లేదు. నూరు కోట్ల జనాన్ని అడిగేవారు అన్నీ అడగలేరు. కాని ఆ అంకెలు చూసి ఊరంతా ఇలాగే తిరుగుతుంది అనుకుంటే మాత్రం తప్పు మనది.

దీనికి రెండో వైపు కూడా వున్నది. జాతీయ గణాంక కార్యాలయంవారు 2019లో దేశమంతటా 'కాలవినియోగ సర్వే' చేశారు. ఆరేళ్ళు నిండినవారందరూ ఇరవైనాలుగు గంటలు ఎలా గడిపారో, తెల్లవారుజామున నాలుగు గంటలనుంచి మరునాటి నాలుగు గంటలదాకా రాసుకున్నారు. జీతంలేని ఇంటి చాకిరీ చేసే ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తున్నారనీ, మగవారిలో చేసేవారు 97 నిమిషాలు చేస్తున్నారనీ తేలింది. ఆ వివరాలనే తిరగేసి, ఢిల్లీ ఐ.ఐ.టి. పరిశోధకుడొకరు, ఆ రోజున అసలు గుమ్మం దాటినవారెందరు అని చూశారు. పట్టణాలలో మగవారు నూటికి 87 మంది ఒక్కసారైనా బయటికి వెళ్ళారు. ఆడవారు 47 మందే. అంటే సగానికి పైగా ఆడవారు ఆ రోజున ఇల్లు కదలలేదు.

"ఇదేమిటండీ, ఇంతసేపూ ఇల్లాలు తొమ్మిదిసార్లు తిరుగుతుందన్నారు, ఇప్పుడు కదలనే లేదంటున్నారు!" అని మీరడగవచ్చు. అడగవలసిందే. రెండూ నిజమే. ఒక ఇంటి ఆవిడ తొమ్మిదిసార్లు తిరుగుతుంది. పక్కింటావిడ నాలుగురోజులకొకసారి కూడా బయటికి రాదు. ఇద్దరి గురించీ ఇంటాయన చెప్పే మాట మాత్రం ఒక్కటే: "ఆవిడ ఇంట్లోనే వుంటుంది." ఆ ఒక్క మాట వెనక, కాళ్ళరిగేలా తిరిగే మనిషీ దాక్కుంటుంది, కాలు బయట పెట్టలేని మనిషీ దాక్కుంటుంది. మొదటావిడకు కావలసింది పన్నెండు గంటలవేళ కూడా వచ్చే బస్సు, సంచీతో నడవగలిగే కాలిబాట. రెండో ఆవిడకు ఏం కావాలో ఆవిడనే అడగాలి. ఇంట్లో వుండడం ఆవిడ ఇష్టమేనా? లేక సందు చివర దీపం లేదనా? బస్సు స్టాపు మరీ దూరమనా? చేతిలో డబ్బు లేదనా? మోకాళ్ళ నొప్పులనా? ఎవరూ అడగకపోతే, ఆవిడకు ప్రయాణం అక్కరలేదని లెక్క తేలుతుంది. ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో చేదతాళ్ళున్నాయో చూసి, లేని వీధివారికి నీళ్ళు అక్కరలేదు అన్నట్లుగా!

అక్కర వున్నదీ లేనిదీ ఎంత త్వరగా బయటపడగలదో మన రెండు రాష్ట్రాలూ చూశాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9నుంచి మహాలక్ష్మి పథకంకింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15నుంచి స్త్రీశక్తి పథకంకింద ఆడవారికి ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం ఇచ్చారు. బస్సులు ఆడవారితో నిండిపోయినవి. దాని మంచిచెడ్డలమీద ఇంటింటా వాదాలు జరిగినవి, మనం ఆ వాదంలోకి పోవద్దు. గమనించవలసినది ఒకటున్నది. డబ్బు తీసుకోకపోయినా కండక్టరు ఒక్కొక్కరికీ జీరో టికెట్ కొడతాడు. ఇన్నాళ్ళూ ఎవరి కాగితంలోనూ పడని ప్రయాణం ఆ చిన్న చీటీమీద పడింది.

అయితే టికెట్టుకు తెలిసింది కొంచెమే. ఏ స్టాపులో ఎక్కారో, ఎక్కడికో దానికి తెలుసు. ఇంటినుంచి స్టాపుదాకా ఎంత దూరం నడిచారో తెలియదు. ఆసుపత్రికా, పుట్టింటికా, కూలికా, తెలియదు. కిటకిటలాడే బస్సు చూసి ఎక్కలేక వెనక్కు తిరిగిపోయిన ముసలావిడకు టికెట్టే లేదు, ఆవిడ సంగతి దానికసలే తెలియదు. "ఇప్పుడు అందరి చేతుల్లో సెల్‌ఫోనులున్నాయి గదా, అవే చెబుతాయి" అనేవారూ వున్నారు. ఫోను కదిలిందని ఫోను చెబుతుంది. ఎందుకు కదిలిందో చెప్పదు. ఇంటికంతటికీ ఒక్కటే ఫోను వుంటే అది ఎవరి జేబులో వుంటుందో మీకు తెలియనిది కాదు. అందుకే ఇన్ని యంత్రాలు వచ్చినా, మనిషిని మనిషి అడిగే ఆ పాత ప్రశ్నకు విలువ తగ్గలేదు.

కాబట్టి మీ ఇంటికి ఎప్పుడైనా ఇలాంటి సర్వేవారు వస్తే ఏం చేయాలి? మొదట, గుర్తింపు కార్డు చూడండి, ఎవరు పంపారో అడగండి. ఇది ముఖ్యం. రాకపోకల లెక్కకు మీ బ్యాంకు ఖాతా నంబరుతో పనిలేదు, ఫోనుకు వచ్చే ఓటీపీతో అసలే పనిలేదు. అవి అడిగినవాడు వేరే పనిమీద వచ్చాడని గ్రహించి తలుపు వేసుకోండి. నిజంగా సర్వేవారే అయితే, మీ ఇంటి కథ నలుగురికీ చెప్పడానికి రాలేదు. వేల ఇళ్ళ జవాబులు కలిపి మొత్తం అంకె వేస్తారు.

రెండవది, ఎవరి సంగతి వారే చెప్పండి. అయ్యా, మీ పెద్దరికానికి లోటేమీ రాదు, కాస్సేపు పత్రిక చదువుకోండి, ఆవిడను మాట్లాడనివ్వండి. అమ్మా, "నేనెక్కడికి వెళతానండీ, ఇంట్లోనే" అనకండి. చాలామంది ఇల్లాళ్ళు తొమ్మిదిసార్లు తిరిగి వచ్చి కూడా ఆ మాటే అంటారు. ఇంటికోసం తిరిగింది తిరగడం కాదనే అభిప్రాయం మనలోనే పాతుకుపోయింది. పిల్లలను కూడా పిలవండి. వాళ్ళకు జ్ఞాపకం ఎక్కువ.

మూడవది, నడకను చెప్పండి. పాలబూతుదాకా వెళ్ళినా ప్రయాణమే. బస్సు ఎక్కడానికి పావుగంట నడిస్తే ఆ పావుగంట కూడా చెప్పండి. నాలుగవది, వెళ్ళాలనుకుని వెళ్ళలేకపోయిన చోటు వుంటే, వారు అడగకపోయినా చెప్పండి. రాసుకునే గడి లేకపోతే అంచున రాసుకోమనండి. వియన్నాలో ఆడవారు గడులు దాటి రాయబట్టే గదా ఊరు కొంచెం మారింది!

సర్వేవారు రాకపోయినా ఈ లెక్క మీరే కట్టుకోవచ్చు. ఖర్చులేదు. రేపు రాత్రి భోజనాల దగ్గర ఒక కాగితం పెట్టుకుని, ఇంట్లో ఒక్కొక్కరూ ఆ రోజు ఎక్కడెక్కడికి, దేనిమీద, ఎవరికోసం వెళ్ళారో వరసగా చెప్పండి. కాలేజీ అమ్మాయిని రాయమనండి. చివరి గడి, అంటే 'ఎవరికోసం' అన్నది, జాగ్రత్తగా నింపమనండి. కూడికలు వేశాక కొన్ని ఇళ్ళలో కాసేపు ఎవరూ మాట్లాడరు. కొన్ని ఇళ్ళలో మందుల షాపు పనీ, బ్యాంకు పనీ మరునాటినుంచి స్కూటరుకు బదిలీ అవుతాయి. ఆఫీసునుంచి వచ్చే దారిలోనే గదా అవి వున్నది!